గొడుగు ఇంట్లోనే వదిలేయండి, కాళ్ళ సంగతి చూసుకోండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఈ మధ్య మీ పేపర్లో వానాకాలం యాత్రలకి వెళ్ళేవాళ్ళు ఏమేం సర్దుకోవాలో ఒక వ్యాసం వేశారు. రెండుసార్లు చదివాను. గొడుగు, రెయిన్‌కోటు, టార్చిలైటు, నీళ్ళు పోని బూట్లు, దుప్పటి అని వరసగా రాసుకొచ్చారు. రాసినాయన గాని, రాసినావిడ గాని ఎప్పుడైనా చెప్పుల్లేకుండా సింహాద్రి అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్లు వానలో నడిచారా అని నాకో అనుమానం. నడిచుంటే మొట్టమొదటి వస్తువు గొడుగు అని రాయరు.

నేనుండేది పర్లాకిమిడి, గజపతి జిల్లా. పాతపట్నం దాటగానే మా ఊరే, రాష్ట్రం ఒడిశా అయిపోతుంది గాని మాటా కూరా ఏమీ మారవు. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లూ లంగాలూ కుడతాను. కరోనా ఏళ్ళు వదిలేస్తే ఇప్పటికి పదకొండుసార్లు గిరి ప్రదక్షిణ చేశాను. మొదట్లో మా వీధి నుంచి నలుగురం ఆడవాళ్ళం వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు పదహారు మంది అయ్యాం, అందులో ముగ్గురు ఒడియావాళ్ళు, వాళ్ళలో పెద్దావిణ్ణి అందరం మాఉసీ, అంటే ఒడియాలో పిన్ని, అని పిలుస్తాం. ఎవరు ఏం సర్దుకోవాలో, ఏం సర్దుకోకూడదో చెప్పే పని నా నెత్తిన పడింది కాబట్టి ఈ ఉత్తరం రాసే హక్కు కొంచెం ఉందనుకుంటున్నాను. భాష గ్రాంథికంగా లేదని పక్కన పడేయకండి, గిడుగు రామమూర్తి గారు వ్యవహారిక భాష కోసం పోట్లాడింది మా పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే.

ఈసారి ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే తేదీలు. ఈ 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది, దాంతో ఆ తర్వాత వచ్చే పండగలన్నీ ఆలస్యమయ్యాయి. నిరుడు జూలై 9నే గిరి ప్రదక్షిణ అయిపోయింది, పౌర్ణమి 10న. ఈసారి ఆషాఢ చతుర్దశి, అంటే నడక రోజు, జూలై 28, పౌర్ణమి 29. ఏముందిలే, ఇరవై రోజులే కదా అంటారేమో. మా వైపు జూలై మొదటి వారం వాన వేరు, నెలాఖరు వాన వేరు. మొదట్లో పడే వాన ఒక గంట దంచి పోతుంది, తర్వాత ఎండ కాస్తుంది, కట్టుకున్న బట్ట ఒంటిమీదే ఆరిపోతుంది. నెలాఖరుకి భూమి నానిపోయి ఉంటుంది, బంగాళాఖాతంలో ఒకదాని వెనక ఒకటి అల్పపీడనాలు పుడుతుంటాయి, ముసురు పట్టిందంటే రెండు రోజులు వదలదు, చిన్న వానకే గెడ్డలు, అంటే వాగులు, పొంగుతాయి. నిరుడు వెళ్ళొచ్చాం కదా అని అదే సంచీ అదే లెక్కన సర్దుకుంటే ఈసారి ఇబ్బంది పడతారు.

సరిహద్దులో ఉన్నవాళ్ళకి ఇంకో తిప్పలుంది. ఆషాఢ శుద్ధ విదియకి రథయాత్ర, దశమికి బాహుడా అంటే తిరుగు రథం, ఏకాదశికి జగన్నాథుడి బంగారు అలంకారం, త్రయోదశికి నీలాద్రి బిజే, స్వామి మళ్ళీ గుడిలోకి వెళ్ళే రోజు. సరిగ్గా ఆ మర్నాడు చతుర్దశి, అప్పన్న నడక. పూరీ వెళ్ళొచ్చినవాళ్ళు, ఊళ్ళోనే రథం లాగినవాళ్ళు, పది రోజులుగా చుట్టాలకి వండి పెట్టినవాళ్ళు, అందరూ నిద్ర లేని కళ్ళతో బండెక్కుతారు. విశాఖపట్నంవాళ్ళు మధ్యాహ్నం ఇంట్లో భోంచేసి, కాసేపు నడుం వాల్చి, ఆటోలో కొండ కింద నడక మొదలయ్యే తొలిపావంచాకి వస్తారు. మేం అప్పటికే సగం అలిసిపోయి ఉంటాం. కాబట్టి మా సర్దుబాటులో మొదటిది సంచీ కాదు, నిద్ర. త్రయోదశి రాత్రి పదింటికల్లా పడుకోనివాళ్ళని మర్నాడు తీసుకెళ్ళనని మా జట్టులో చెప్పేశాను. అలిగినవాళ్ళున్నారు, అలగనీ.

ఇద్దరు దేవుళ్ళ మధ్య ఈ పరుగేమిటని మా అబ్బాయి నవ్వుతాడు. కోణార్కం కట్టించిన నరసింహదేవుడి రోజుల్లోనే సింహాచలం గుడి కూడా ఇప్పుడున్న రూపానికి వచ్చింది, ఆ గోడల మీద తెలుగు శాసనాల పక్కన ఒడియా శాసనాలూ ఉన్నాయి. రాష్ట్రాలు పంచుకున్నారు గాని అప్పన్నని ఎవరూ పంచలేదు.

ఇక గొడుగు సంగతి. లక్షల మంది ఒకే రోడ్డు మీద, ఒకే దిక్కుకి, కొండ కుడిచేతివైపు ఉండేలా నడుస్తుంటారు. అందులో ప్రతివాడూ గొడుగు విప్పితే ఏమవుతుందో ఆలోచించండి. ఒకసారి హనుమంతవాక దగ్గర ముందు నడిచేవాళ్ళ గొడుగు పుల్ల మా ఆడపడుచు కూతురి కంటికి అంగుళం పక్కన గీరుకుపోయింది. విశాలాక్షినగర్ దాటి అప్పుఘర్ వైపు దిగేసరికి సముద్రం గాలి, అక్కడ ఏ గొడుగూ నిలవదు, తిరగబడుతుంది, పట్టుకునేవాళ్ళకి చేతులు నొప్పులు. ఒక చెయ్యి గొడుక్కి, ఒక చెయ్యి సంచీకి పోతే జారినప్పుడు దేన్ని పట్టుకుంటారు? వెనకటి రోజుల్లో పొలంలో తాటాకు గొడుగు పెట్టుకునేవారు, దాన్నే గిడుగు అనేవారు, దానికి చెయ్యి అడ్డం ఉండదు, అదైనా నయం. మందపాటి రెయిన్‌కోటు కూడా వద్దు. లోపల చెమట పట్టి బయటకంటే ఎక్కువ తడుస్తారు, గంట నడిచాక ఉక్కపోతకి కళ్ళు తిరుగుతాయి. నెత్తికి ఒక పల్చటి ప్లాస్టిక్ టోపీ, లేదంటే చిన్న పాలిథిన్ ముక్క, అంతే.

తడుస్తాం. ముందే ఆ మాట ఒప్పుకుంటే సంచీలో సగం బరువు తగ్గిపోతుంది. తడవకుండా ఉండాలని చూసేవాళ్ళే అక్కడా ఇక్కడా చూరుల కింద నిలబడి, చల్లబడి, కాళ్ళు బిగుసుకుపోయి, సగంలో ఆటో ఎక్కుతారు.

బట్టల గురించి నేను మాట్లాడితే మా వృత్తి మాట అనుకున్నా ఫరవాలేదు. దేవుడి పని కదా అని పట్టుచీర కట్టుకురావద్దు, అది అందరికీ తెలుసు. కానీ నూలు చీర మంచిదనుకుని అదీ కట్టుకుంటారు, అక్కడే తప్పు. తడిసిన నూలుచీర ఎంత బరువో బిందెతో నీళ్ళు మోసినదానికి తెలుస్తుంది. పాప్లిన్ లంగా తడిసి తొడలకి ఒరుసుకుంటే పది కిలోమీటర్లకి చర్మం ఊడుతుంది, ఈ మాట ఆడవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోరు, సిగ్గు. పల్చటి సింథటిక్ చీర, లేదా పంజాబీ డ్రెస్సు, లోపల మోకాళ్ళ దాకా వచ్చే బిగుతు నిక్కరు, ఒరుసుకునే చోట కొబ్బరినూనో వాజ్‌లైనో. చీర అంచు కాలి పిక్కల మీదికి ఉండాలి, పాదాల మీద జీరాడకూడదు. మగవాళ్ళ పంచెకీ ఇదే వర్తిస్తుంది, తడిసిన పంచె కాళ్ళకి చుట్టుకుని బోర్లా పడ్డవాళ్ళని చూశాను.

ఇంకోటి, నడుముకి కట్టే చిక్కాలూ భుజానికి వేసే హ్యాండుబ్యాగులూ వద్దు. నేను మా జట్టు ఆడవాళ్ళందరి లంగాలకీ లోపలివైపు జేబు కుట్టాను, పైన జిప్పు, ఒకవైపు ఫోను, ఒకవైపు డబ్బు. ఫోను, నోట్లు వేరువేరు ప్లాస్టిక్ కవర్లలో వేసి, మూతి మడిచి పెట్టాలి. వందలూ యాభైలూ పదులూ ఉండాలి, 500 నోటు తడిపి ఇస్తే టీ కొట్టువాడు మొహం చూస్తాడు. ఫోనులో డబ్బుంది కదా అని ధీమాగా రావద్దు. అంత మందిలో సిగ్నలు ఉండదు, తడివేలికి తెర పలకదు, బ్యాటరీ ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాకా కూడా ఉండదు. అందుకే మనిషికో అట్టముక్క మీద మూడు ఫోను నంబర్లు బాల్‌పెన్నుతో రాసి కవర్లో పెడతాను, ఇంకుపెన్ను వద్దు, చెరిగిపోతుంది. ఒకసారి మా మాఉసీ తప్పిపోయినప్పుడు ఆవిడకి తెలుగు చదవడం రాదు, దారిలో మజ్జిగ పోసే కుర్రాడు ఆ అట్టముక్క చూసి నాకు ఫోను చేశాడు.

కాళ్ళు. వీటి గురించి ఏ పేపరూ రాయదు, అసలు యాత్ర నడిచేది వీటితోనే. నెల ముందు నుంచి పొద్దున్నే చెప్పుల్లేకుండా రోడ్డు మీద నడవండి, మొదట ఒక కిలోమీటరు, వారం వారం పెంచుకుంటూ నాలుగో వారానికి ఎనిమిది పది దాకా. మేం పాతపట్నం రోడ్డు పట్టుకుని నడుస్తాం, చూసేవాళ్ళు నవ్వుతారు, కుక్కలు వెంటపడతాయి. ఈ నెలలో అరికాలి చర్మం గట్టిపడుతుంది, అదే మీ చెప్పు. చాలామంది యాత్ర ముందురోజు స్నానంలో రాయిపెట్టి పాదాలు నున్నగా రుద్దుకుని, పసుపు రాసుకుని వస్తారు, చూడ్డానికి లక్ష్మీదేవి పాదాల్లా ఉంటాయి, ముడసర్లోవ దాటేసరికి బొబ్బలు. పసుపు రాసుకోండి, రుద్దొద్దు. మడమ పగుళ్ళుంటే ఇప్పటినుంచే రాత్రిళ్ళు ఆముదం పట్టించి మాన్పుకోవాలి, పగులు తెరిచి ఉన్న కాలితో వాననీళ్ళలో అడుగు పెట్టకూడదు. గోళ్ళు నాలుగు రోజుల ముందే తీసేసుకోవాలి, ఆ రోజు పొద్దున కాదు. నడక మొదలుపెట్టే ముందు వేళ్ళ సందుల్లో పల్చగా నూనె గాని వాజ్‌లైను గాని రాస్తే నీళ్ళు ఇంకవు. లేకపోతే ఆరేడు గంటలు తడిలో నానిన చర్మం అన్నం మెతుకులా తెల్లబడి, ముట్టుకుంటే ఊడొచ్చేస్తుంది. మేజోళ్ళు వేసుకుంటే మంచిదని ఎవరో చెప్పారని ఒకావిడ వేసుకొచ్చింది, తడిసిన మేజోడు లోపల ఇసుక చేరి గరుకు కాగితంలా పని చేసింది పాపం.

రోడ్డు పక్క తెల్లగీత మీద నడవడం మాకందరికీ అలవాటు, ఎండలో అది చల్లగా ఉంటుంది. వానలో అదే జారుతుంది. మ్యాన్‌హోలు మూతలు, టైల్సు వేసిన ఫుట్‌పాత్‌లు కూడా అంతే. మొట్టమొదటి ప్రమాదం మాత్రం తొలిపావంచా దగ్గరే, వేలమంది కొబ్బరికాయలు కొడతారు, చిప్పముక్కలు నీళ్ళలో మునిగి కనబడవు. అక్కడ అడుగులో అడుగు వేసుకుంటూ, కాలు ఈడ్చకుండా ఎత్తి పెట్టండి. గోవింద నామం కాసేపాగి చెప్పుకోవచ్చు.

ఆ చిప్పముక్కే మా బావగారికి గుచ్చుకుంది. ఆయనకి పన్నెండేళ్ళుగా సుగరు. అరికాలు తిమ్మిరిగా ఉంటుంది, గుచ్చుకున్న సంగతే ఆయనకి తెలియలేదు, మొత్తం 32 కిలోమీటర్లూ నడిచేశారు. తిరుగు బండిలో కూర్చున్నాక కాలు కింద తువ్వాలు ఎర్రగా అయితే మా అప్ప, అదే మా అక్క, చూసి గొల్లుమంది. "నెప్పి లేదే, ఏటీ కాదు" అంటారాయన. నొప్పి లేకపోవడమే రోగం. ఆ పుండు మానడానికి రెండున్నర నెలలు పట్టింది, రోజు విడిచి రోజు కట్టు, ఇంకొంచెం ముదిరితే వేలు తీసేయాల్సి వచ్చేదని డాక్టరు అన్నారు. సుగరున్నవాళ్ళు, కాళ్ళు తిమ్మిరెక్కేవాళ్ళు దయచేసి ఒట్టికాళ్ళతో నడవొద్దు. మొక్కు మొక్కేశాం కదా అంటారు. అంత దూరం నడవలేనివాళ్ళు పౌర్ణమి నాడు కొండ మీద గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసుకుంటారు, అది తక్కువ పుణ్యమని అప్పన్న ఎవరికీ చెప్పలేదు. మిగతావాళ్ళు కూడా ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడు చేయించుకున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. వానలో నిలవ నీళ్ళలో ఎలకల మూత్రం కలుస్తుంది, కాలికి గాయముంటే దాన్నుంచి జ్వరాలొస్తాయి. తిరిగొచ్చిన వారం పది రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళు ఎర్రబడటం ఉంటే ప్రయాణం బడలిక అనుకుని పడుకోకండి, నీళ్ళలో నడిచామని డాక్టరుతో చెప్పండి.

ఇంకో మాట రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. నెలసరి తేదీ దగ్గర పడుతోందని వాయిదా మాత్రలు మందుల షాపులో అడిగి తెచ్చుకుని మింగేస్తున్నారు, పద్దెనిమిదేళ్ళ పిల్లల దగ్గర్నుంచి బీపీ ఉన్న నలభై ఏళ్ళవాళ్ళ దాకా. పక్కింటావిడ వేసుకున్న మాత్ర మీకు పడాలని లేదు, రక్తం గడ్డకట్టే గుణం ఉన్నవాళ్ళకి ప్రమాదం. డాక్టరుని అడిగి వేసుకోండి, లేదంటే ఆ ఏడు మానేయండి, వచ్చే ఏడూ కొండ అక్కడే ఉంటుంది.

తిండి గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే దారి పొడుగునా పెడతారు. పులిహోర, ఉప్మా, మజ్జిగ, పండ్లు, బిస్కెట్లు, విశాఖ జనం ఆ రోజు చేసే సేవకి ఎంత చెప్పినా తక్కువే. ఇబ్బంది ఏమిటంటే ప్రసాదం వద్దంటే తప్పని ప్రతి పందిరి దగ్గరా చెయ్యి చాపుతాం, పెరుగన్నం మీద శనగలు, దాని మీద కేసరి, దాని మీద టీ, సీతమ్మధార చేరేసరికి కడుపులో యుద్ధం. గంటకోసారి కొంచెం తినండి, వేడిగా ఉన్నవే తినండి. నీళ్ళ సీసా మటుకు ఇంటి నుంచి కాచి చల్లార్చినవి తెచ్చుకోండి, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు పెట్టుకోండి. వానలో దాహం వేయదు, చెమట మాత్రం పోతూనే ఉంటుంది, అందుకే వానలోనే పిక్కలు ఎక్కువగా పట్టేస్తాయి. మా మాఉసీ ఒక మూత గట్టి డబ్బాలో మూరీలు (మరమరాలు), వేయించిన శనగలు, బెల్లం ముక్కలు తెస్తుంది, తెల్లవారుజామున మూడింటికి మాధవధార దగ్గర ఆ డబ్బా మూత తీస్తే వచ్చే వాసన ఉంది చూశారూ, ఏ ప్రసాదమూ దాని ముందు ఆగదు. పౌర్ణమికి స్వామికి చివరి విడత చందనం, మూడు మణుగులు, దానితో అక్షయ తృతీయకి మొదలైన నాలుగు విడతలూ పూర్తి. స్వామి ఒంటికి చందనం నిండితే గాని మన వైపు ఉభాలు, అంటే వరినాట్లు, ఊపందుకోవు అనేవారు మా అత్తగారు.

అప్పుఘర్ దగ్గర సముద్రస్నానం చేయాలని చాలామందికి ఉంటుంది. జూలై నెలాఖరు సముద్రం ఎలా ఉంటుందో మత్స్యకారుల్ని అడగండి. ఒడ్డున నిలబడి నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకుని వచ్చేయండి, రాత్రి పూట అయితే అదీ వద్దు. అలాగే వాన జోరుగా పడుతున్నప్పుడు ప్రహరీగోడల పక్కన, కొత్తగా కట్టిన మట్టిగోడల కింద, చెట్ల కింద నిలబడకండి. నిరుడు ఏప్రిల్ 30 తెల్లవారుజామున చందనోత్సవం క్యూలో నిలబడ్డవాళ్ళ మీద వానకి గోడ కూలి ఏడుగురు ప్రాణాలు పోయాయి, అది మర్చిపోయే సంగతి కాదు. పందిళ్ళకి కట్టిన సీరియల్ లైట్లు, మైకుల వైర్లు, ఇనుప స్తంభాలు తడిచేత్తో ముట్టుకోవద్దని పిల్లలకి పదిసార్లు చెప్పండి.

అన్నీ అయ్యాక పొడిబట్ట. ఇదొక్కటే నేను నిజంగా సర్దే వస్తువు. రాత్రంతా తడిలో నడిచినవాళ్ళకి తెల్లారేసరికి వణుకు పుడుతుంది, అప్పుడు పొడి చీర ఎక్కడ మార్చుకోవాలి? మగవాళ్ళు రోడ్డు పక్కనే మార్చేసుకుంటారు, మేమేం చేయాలి? ఒక ఏడు ఒక సత్రంలో అడిగితే అరగంటకి మనిషికి వంద అన్నారు, లోపల గడియ కూడా లేదు. ఆ తర్వాత నుంచి గోపాలపట్నంలో ఉన్న మా పిన్ని కూతురింట్లో బట్టల మూటలన్నీ పెట్టేసి అప్పుడు తొలిపావంచాకి వెళ్తున్నాం, నడకలో ఆ ఊరు చివరికి వస్తుంది, అక్కణ్ణుంచి ప్రహ్లాదపురం, గోశాల దాటితే మళ్ళీ కొండ కిందకే. చుట్టాలు లేనివాళ్ళ గతేమిటి? దారిలో మూడు నాలుగు చోట్ల స్కూళ్ళ గదులు ఆడవాళ్ళు బట్టలు మార్చుకోడానికి ఆ ఒక్క రాత్రి తెరిచి ఉంచితే చాలు, వాటి చిరునామాలు ముందురోజు మీ పేపర్లో వేస్తే ఇంకా చాలు. పందిళ్ళు వేసి పులిహోర పెట్టే పుణ్యాత్ములు ఒక్కరైనా ఒక టార్పాలిన్ గది కట్టి ఒక దీపం పెడితే, మా చేత ఎన్ని దండాలు పెట్టించుకుంటారో వాళ్ళకి తెలియదు.

ఇప్పుడు మీతో అసలు పని. విశాఖ జనానికి యాత్ర కొండ కింద అయిపోతుంది, మాకు అక్కడ సగమే అవుతుంది, ఇంకా ఇంటికి రావాలి. వంశధార పుట్టేది కలహండి కొండల్లో, రాయగడ, గజపతి జిల్లాల మీదుగా మీ శ్రీకాకుళంలోకి వస్తుంది. మా ఊరి పక్కన పారే మహేంద్రతనయ దిగేది మహేంద్రగిరి నుంచి. పైన కొండల్లో వాన పడితే కింద ఎండ కాస్తున్నా ఏరు పొంగుతుంది, పల్లపు రోడ్ల మీద నీళ్ళు నిలిచి ఆటోలు ఆగిపోతాయి. రాయగడ వైపు వాళ్ళకి నాగావళి. 2017లో ఆషాఢ పౌర్ణమి అయిన వారానికే, జూలై 16న, తెరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెన కొట్టుకుపోయింది. ఆ వాన ఒక వారం ముందు పడుంటే నడిచొచ్చిన జనం ఎక్కడ పడుకునేవాళ్ళు?

మా ఊరికి వచ్చేది మీ శ్రీకాకుళం ఎడిషను. అందులో వాన కబుర్లు పాతపట్నం దగ్గర ఆగిపోతాయి, అవతల ఆకాశమే లేనట్టు. ఇటు ఒడియా పేపర్లలో గజపతి, రాయగడ జిల్లాల వరద కబుర్లు వస్తాయి గాని మా పెద్దవాళ్ళలో చాలామందికి ఒడియా మాట వచ్చు, చదవడం రాదు. టీవీలో చూడొచ్చు కదా అంటారు. చూస్తాం, వాళ్ళు చూపించేది భువనేశ్వర్ వాన. అందుకని ఆషాఢ త్రయోదశి నుంచి పౌర్ణమి మర్నాటి దాకా, నాలుగే నాలుగు రోజులు, పేజీ మూలన చిన్న పెట్టె కట్టి వంశధార, మహేంద్రతనయ, నాగావళి ఎలా ఉన్నాయో, గుణుపూరు, రాయగడ, బరంపురం వైపు బళ్ళు నడుస్తున్నాయో రద్దయ్యాయో తెలుగులో వేయండి. సినిమా వాళ్ళ పెళ్ళి ఫొటోకి ఇచ్చే చోటులో సగం చాలు. మా ఊళ్ళో పేపరు పొద్దున ఏడింటికి వస్తుంది, ఇంట్లో ఉన్నవాళ్ళు చదివి మాకు ఫోను చేస్తారు.

వీలయ్యే సంగతో కాదో రెండు ముక్కల్లో జవాబు వేసినా చాలు. మా ఏర్పాట్లు మాత్రం మొదలయ్యాయి. పదహారు మందివీ పదహారు మూటలు, ఒక్కో మూటకీ ఒక్కో రంగు జాకెట్టు గుడ్డ పీలిక కుట్టాను, తెల్లారుజామున నిద్రమత్తులో ఒకరి చీర ఒకరు కట్టుకోకుండా. మా బావగారు ఈసారి నడవటం లేదు, అప్ప ఒట్టు వేయించుకుంది. గోపాలపట్నంలో ఆ మూటల దగ్గర కాపలా కూర్చుంటానన్నారు, చెప్పులు వేసుకునే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.